మెట్ట నేలల్లో పొదల అమరిక: ఏ సెల్యులర్ ఆటోమేటా మోడల్ తీసుకోవాలి?

సెల్యులర్ ఆటోమేటాతో, అంటే గళ్ల పలక మీద ప్రతి గడీ చుట్టుపక్కల గళ్లను బట్టి మెట్టుమెట్టుగా మారే మోడళ్లతో, మొక్కల అమరికల మీద ప్రాజెక్టు చేద్దామనుకునే పీజీ, బీటెక్ విద్యార్థులకు ముందుగా కంటబడేది నైజర్ దేశపు పులిచారల పొదల ఫొటో. ఆకాశం నుంచి చూస్తే బోడి నేల మీద పొదలు చారలు చారలుగా కనిపిస్తాయి. చిన్న పైథాన్ ప్రోగ్రాం రాస్తే దాదాపు అలాంటి బొమ్మే స్క్రీన్ మీదికి వస్తుంది. ఆ సంతోషంలో చాలామంది అక్కడే ఆగి రిపోర్టు రాసేస్తారు. కానీ వేర్వేరు కారణాలను ఊహించుకున్న మోడళ్లు కూడా ఒకే రకం చారలను గీయగలవు. బొమ్మ కలిసినంత మాత్రాన కారణం కలిసినట్టు కాదు.

అందుకే ఏ మోడల్‌లో బొమ్మ అందంగా వస్తుందని చూడకండి. నా ప్రశ్నకు ఏది జవాబు చెప్తుంది, ఆ జవాబు తప్పయితే ఎలా తెలుస్తుంది అని చూడండి. అలా చూస్తే జనగామ, వరంగల్, సిద్దిపేట వైపు చెలకలు, గుట్టలు, బంచరాయి భూముల మీద పనిచేసేవాళ్లు చారల మోడల్‌ను పక్కన పెట్టి, మూడు స్థితుల ప్రాబబిలిటీ మోడల్ తీసుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. మిగతావి ఎవరికి పనికొస్తాయో కూడా చెప్తాను.

ముందు మన నేల సంగతి

పులిచారల పొదలను 1950లో మాక్‌ఫాడియన్ అనే పరిశోధకుడు తూర్పు ఆఫ్రికాలోని బ్రిటిష్ సోమాలీలాండ్ విమాన ఫొటోల నుంచి వర్ణించాడు. తర్వాత నైజర్, ఆస్ట్రేలియా, మెక్సికోల్లో కూడా ఇలాంటివి కనిపించాయి. ఇవి కనిపించే చోట్ల వాన తక్కువ, ఎక్కువగా ఏడాదికి 600 మిల్లీమీటర్ల లోపే. నేల వాలు కంటికి తెలియనంత స్వల్పం, వంద మీటర్లకు ఒకటి రెండు మీటర్లో, అంతకన్నా తక్కువో. బోడి నేల మీద పెచ్చు కడుతుంది. పడ్డ వాన ఇంకకుండా పల్చటి పొరలా కిందికి జారుతుంది. వాలంతా ఒకే తీరుగా ఉంటేనే చారలు కుదురుతాయి.

వరంగల్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 900 నుంచి 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబర్ మధ్యలోనే. జనగామ వైపు తక్కువ, ములుగు, భూపాలపల్లి అడవుల వైపు ఎక్కువ. ఎండకు ఆవిరయ్యేది కూడా చాలా ఎక్కువ కాబట్టి ఇంత వాన పడ్డా ఇది అర్ధశుష్క ప్రాంతమే. ఎర్ర చెలక నేలల్లో వాన వెలిశాక పెచ్చు కట్టడం రైతులందరికీ తెలుసు. అంటే చారలకు కావలసిన దినుసుల్లో కొన్ని ఇక్కడా ఉన్నాయి. అయినా చారలు రావు. వాన ఎక్కువ, రాతి గుట్టలు ఎక్కడికక్కడ వాలును విరగ్గొడతాయి, బండల మొదట్లో నీళ్లు చేరి అక్కడే పొదలు గుంపు కడతాయి, పైగా మందలు, గొడ్డళ్లు, దున్నకాలు ఉండనే ఉన్నాయి.

ఇందులో బండ సంగతి మర్చిపోకూడదు. గ్రానైట్ గుట్ట కింద కనిపించే పొదల గుంపు మొక్కలు ఒకదానికొకటి సాయపడటం వల్ల వచ్చింది కాకపోవచ్చు. అక్కడ మట్టి లోతుగా ఉండటం చాలు. కాబట్టి ఏ మోడల్ తీసుకున్నా బండలు తేలని, మట్టి లోతు పెద్దగా మారని జాగాను ఎంచుకోండి.

అన్నిటికన్నా తేలిక: దగ్గర సాయం, దూరం పోటీ

గళ్ల పలక ఒకటి ఉంటుంది. ప్రతి గడిలో మొక్క ఉంటుంది, లేదా ఉండదు. దగ్గరి మొక్కలు నీడ ఇచ్చి, నీటిని ఇంకించి సాయపడతాయి. కాస్త దూరంగా ఉన్నవి వేళ్లతో నీళ్లు లాక్కుని పోటీ పడతాయి. రెండింటి మొత్తం సున్నా కన్నా ఎక్కువైతే తర్వాతి మెట్టులో ఆ గడిలో మొక్క ఉంటుంది, తక్కువైతే ఉండదు. నియమం ఇంతే.

లెక్క చేతితో వేసి చూడండి, మోడల్ గుట్టు అక్కడే తెలుస్తుంది. రెండుంపావు గళ్ల వ్యాసార్థంలో మధ్య గడితో కలిపి 21 గళ్లు ఉంటాయి. ఆరు గళ్ల వ్యాసార్థంలో 113 ఉంటాయి. అంటే బయటి వలయంలో 92. దగ్గరి గడికి 1 బరువు ఇస్తే, వలయంలోని గడికి మైనస్ 0.228 దగ్గర రెండూ సరితూగుతాయి. ఆ విలువ దగ్గర సగం గళ్లలో మొక్కలతో మొదలుపెడితే చిక్కుదారుల్లాంటి అమరిక వస్తుంది. పోటీని 0.30కి పెంచితే విడివిడి మచ్చలు మిగులుతాయి, 0.20కి తగ్గిస్తే పచ్చదనం మధ్యలో ఖాళీ గుంటలు పడతాయి. వాన తగ్గే కొద్దీ సమతల మెట్ట నేలల్లో ముందు ఖాళీలు, తర్వాత చిక్కుదారులు, చివరికి మచ్చలు వస్తాయని సిద్ధాంతకర్తలు చెప్పే క్రమం ఇదే.

నైజర్ చారలకు 1995లో తియెరీ, డెర్బెస్, వాలెంటిన్ తయారుచేసిన మోడల్ కూడా ఈ కుటుంబానిదే. కాకపోతే అందులో బరువులు అన్ని దిక్కులా ఒకేలా ఉండవు. ఎగువ మొక్క నీళ్లు ఆపేసి పోటీ అవుతుంది, పక్క మొక్కలు, దిగువ మొక్కలు సాయపడతాయి. ఆ తేడా వల్లే మచ్చలు కాస్తా చారలవుతాయి.

క్లాసులో చెప్పడానికి, సెల్యులర్ ఆటోమేటా అంటే ఏమిటో మొదటిసారి అర్థం చేసుకోవడానికి దీన్ని మించింది లేదు. కానీ ఇందులోని 0.228కి యూనిట్లు లేవు. అది ఎన్ని మిల్లీమీటర్ల వానకు సమానమో, ఎన్ని మేకలకు సమానమో మోడల్ చెప్పదు. మీ ప్రశ్నలో వాన, మేత, కాలం అనే మాటలు ఉంటే దీనితో ఆగొద్దు.

నీరు పారే మోడల్: కందకాల పనిలో ఉన్నవాళ్లకు

డంకర్లీ 1997లో రాసిన సెల్యులర్ ఆటోమేటాలో నీరు నిజంగానే పారుతుంది. ప్రతి గడి మీద ఒకే వాన పడుతుంది. మొక్క ఉన్న గడి ఎక్కువ ఇంకించుకుంటుంది, బోడి గడి చాలామటుకు కిందికి వదిలేస్తుంది. ఏ గడికి చాలినంత నీరు అందకపోతే అక్కడి మొక్క చస్తుంది, అందిన చోట కొత్తది మొలుస్తుంది. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు తెలిసినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది: ఎగువ చెరువు ఎంత పట్టి ఉంచితే దిగువ చెరువుకు అంత తక్కువ, ఇక్కడ ప్రతి పొదా ఒక చిన్న కుంట. చార ఎగువ అంచుకు నీరు ముందు అందుతుంది, దిగువ అంచు ఎండుతుంది, అందుకే ఇలాంటి మోడల్‌లో చారలు మెల్లగా ఎగువకు జరగగలవు.

మన దగ్గర చారలు లేకపోయినా ఈ మోడల్ వృథా కాదు. ఉపాధి హామీ కింద గుట్టల వాలు మీద కాంటూర్ కందకాలు తవ్వుతున్నారు. కందకాల మధ్య దూరం ఎంత ఉంటే పొదలు నిలుస్తాయి, ఎగువ కందకం దిగువ వరసను ఎండబెడుతుందా అనేవి మీ ప్రశ్నలైతే ఇదే సరైన మోడల్. కందకం ఉన్న గడి తనలోకి వచ్చిన నీటిని ఒక హద్దు దాకా పట్టి ఉంచుతుందని ఒక్క నియమం చేరిస్తే సరిపోతుంది.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, పలక అంచులు. చాలా ప్రోగ్రాంలలో పై అంచు కింది అంచుకు చుట్టుకుని ఉంటుంది. నీరు పారే మోడల్‌లో అలా వదిలేస్తే కిందికి పోయిన నీరు మళ్లీ గుట్ట మీదికి వచ్చి చేరుతుంది. ఎడమ, కుడి అంచులను కలపొచ్చు, పైనా కిందా కలపకండి. రెండోది, గడి సైజు. ఇస్రో పటాల వెబ్‌సైట్ భువన్‌లో దొరికే కార్టోడెమ్ ఎత్తుల పటం 30 మీటర్లది. రెండు మూడు మీటర్ల పొదల అమరికకు అది చాలా మోటు. అసలు వాలు కావాలంటే కింద నిలబడి లెవెల్ మెషీన్‌తో కొలవడమే మేలు, లేదా ఒకే వాలు ఉన్న జాగాను ఎంచుకుని ఆ ఒక్క అంకెనే వాడండి.

నేను సిఫారసు చేసేది: మూడు స్థితుల మోడల్

సోనియా కెఫీ, ఆమె సహచరులు 2007లో ప్రచురించిన మోడల్ ఇది. ఇందులో గడికి మూడు స్థితులు: మొక్క ఉన్నది, ఖాళీది, చెడిపోయినది. ఖాళీ నేలలో విత్తనం పడితే మొలుస్తుంది. చెడిన నేలలో మొలవదు, ముందు అది ఖాళీ నేలగా కోలుకోవాలి. పైమట్టి కొట్టుకుపోయి మొరం తేలిన జాగా, మామూలు బీడు రెండూ బోడిగానే కనిపిస్తాయి, కానీ ఒకటి కాదు. ఆ తేడాను పట్టుకున్నందుకే ఈ మోడల్ అంటే నాకు ఇష్టం.

నియమాలు నాలుగు. మొక్క ఒక రేటు ప్రకారం చస్తుంది, మేత ఒత్తిడి ఇందులోనే ఉంటుంది. ఖాళీ గడిలో కొత్త మొక్క వస్తుంది. దాని విత్తనాల్లో కొంత వాటా ఎక్కడెక్కడి నుంచో వస్తుంది, మిగతాది పక్క గళ్ల నుంచి, మొత్తం పచ్చదనం పెరిగే కొద్దీ పోటీ వల్ల ఈ రేటు తగ్గుతుంది. ఖాళీ గడి ఒక రేటుతో చెడిపోతుంది. చెడిన గడి దానంతట అది చాలా నెమ్మదిగా కోలుకుంటుంది, పక్కన మొక్కలుంటే తొందరగా కోలుకుంటుంది. ఈ చివరి నియమమే ప్రాణం. రేగు, బలుసు పొదల నీడన ఆకులు రాలి, పెచ్చు విరిగి, ముళ్ల మధ్య మేకల నోటికి అందని గడ్డి మొలవడం మనం చూసేదే. ఆ ఇరుగుపొరుగు సాయాన్ని ఈ నియమం సూటిగా చెప్తుంది.

ఇవి రేట్లు కాబట్టి, ఒక మెట్టు కాలంతో గుణించి ప్రాబబిలిటీగా మార్చాలి. ఒక స్థితి నుంచి బయటికి వెళ్లే ప్రాబబిలిటీలన్నీ కలిపితే 1 దాటకుండా మెట్టును చిన్నగా పెట్టుకోండి. పలక మరీ చిన్నదైతే మొక్కలు అదృష్టం బాగాలేక కూడా అంతరిస్తాయి, కనీసం వంద గళ్లకు వంద గళ్లు ఉండాలి. ఒకే సెట్టింగ్‌ను వేర్వేరు ర్యాండమ్ సీడ్‌లతో (పాచికల వరసను మొదలుపెట్టే అంకెలతో) పలుమార్లు నడపాలి.

ఈ మోడల్‌ను పరీక్షించే పద్ధతులు కూడా స్పష్టంగా ఉన్నాయి. మొదటిది: మేత ఒత్తిడి అంతే ఉంచి, ఒకసారి 90 శాతం పచ్చదనంతో, ఒకసారి 10 శాతంతో మొదలుపెట్టండి. రెండూ ఒకే చోటికి చేరితే మేత తగ్గించగానే భూమి తేరుకుంటుందని అర్థం. వేర్వేరు చోట్లకు చేరితే, ఒకసారి పడిపోయాక మందను పాత సంఖ్యకు తగ్గించినా పచ్చదనం తిరిగి రాదు, ఇంకా చాలా తగ్గించాలి, లేదా కొన్నేళ్లు కంచె వేయాలి. ఊళ్లో గొల్లకుర్మలతో, పంచాయతీతో మాట్లాడేటప్పుడు ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది.

రెండోది పొదల తునకల సైజు. తునక అంటే ఒకదానికొకటి అంటుకుని ఉన్న మొక్క గళ్ల గుంపు. కెఫీ బృందం స్పెయిన్, గ్రీస్, మొరాకోల్లో కొలిచి చూస్తే, చిన్న తునకలు చాలా, పెద్దవి కొన్ని ఉండే పవర్ లా తీరు కనిపించింది. మేత బాగా పెరిగిన చోట పెద్ద తునకలు ముందుగా మాయమై ఆ తీరు చెడింది. అదే ఏడాది స్కాన్లన్ బృందం కలహారీలో కూడా స్థానిక సాయం వల్ల పవర్ లా వస్తుందని చూపింది. ఇది ఎడారీకరణకు ముందస్తు హెచ్చరిక అవుతుందని చాలామంది ఆశపడ్డారు. 2009లో మాయెస్ట్రే, ఎస్కుడెరో మాత్రం నేల స్థితికి తునకల సైజు కన్నా మొత్తం పచ్చదనం శాతమే మంచి గుర్తు అని వాదించారు. కాబట్టి రెండూ కొలవండి, తునకల సైజు ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి.

తునకల సైజులో ఇంకో ఉచ్చు ఉంది, ఇది చాలా ప్రాజెక్టుల్లో దొర్లుతుంది. ఏ సాయమూ లేకుండా, గళ్లను ఊరికే పాచికలేసి నింపినా, పచ్చదనం 59 శాతం దగ్గరికి వస్తే పవర్ లా దానంతట అదే వస్తుంది. పలక ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే తునక ఏర్పడే హద్దు అది, నాలుగు పక్కల గళ్లనే పొరుగుగా లెక్కిస్తే 59.3 శాతం. మూలలను కూడా కలిపి ఎనిమిది పొరుగులు తీసుకుంటే అది 40.7 శాతానికి దిగుతుంది. అంటే తునకలను లెక్కించే పద్ధతి మార్చితేనే ఫలితం మారిపోతుంది. పైథాన్ లెక్కల లైబ్రరీ సైపైలో తునకలకు నంబర్లు వేసే ఫంక్షన్, ఏమీ చెప్పకపోతే, నాలుగు పొరుగులనే తీసుకుంటుంది. ఏది వాడారో రిపోర్టులో రాయండి.

ఈ ఉచ్చు నుంచి బయటపడే దారి తేలిక. మీ పలకలో ఎన్ని మొక్క గళ్లున్నాయో అన్నింటినీ అలాగే ఉంచి, వాటి స్థానాలను కలగలిపేసి మళ్లీ తునకలు లెక్కపెట్టండి. పలుమార్లు ఇలా చేసి, మీ అసలు పలక ఆ గుంపులో కలిసిపోతుందా, బయట నిలబడుతుందా చూడండి. కలిసిపోతే అమరికను బట్టి ఏ సాయం గురించీ మాట్లాడలేరు. లాగ్ కాగితం మీద గీత గీసి దాని వాలు చూసి పవర్ లా అనేయడం కూడా సరికాదు. క్లాసెట్, షలీజీ, న్యూమన్ 2009లో వివరించిన మాగ్జిమమ్ లైక్లీహుడ్ పద్ధతినే (మీరు కొలిచిన సైజులు రావడానికి ఎక్కువ అవకాశమిచ్చే అంకెను వెతికే పద్ధతి) వాడాలి.

క్లౌస్‌మయర్ సమీకరణాలు ఎవరికి?

1999లో క్లౌస్‌మయర్ రాసిన మోడల్ సెల్యులర్ ఆటోమేటా కాదు, నీరు, మొక్కల బరువు అనే రెండు పాక్షిక అవకలన సమీకరణాలు. 2002లో రీట్‌కెర్క్ బృందం పైనీరు, నేలలోని నీరు, మొక్కలు అని మూడుగా విడదీసింది. గణితం విద్యార్థులకు ఇది బాగుంటుంది, కాగితం మీదే కొన్ని జవాబులు వస్తాయి కాబట్టి. క్లౌస్‌మయర్ మోడల్‌లో వాన అంకె మరణ రేటుకు రెట్టింపు దాటితేనే ఏకరీతి పచ్చదనం సాధ్యం. మీ కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష దొరకదు. కానీ మేకలు, గొడ్డలి, ఒక్కో పొద చావు లాంటి విడివిడి సంగతులను ఇందులో ఇరికించడం కష్టం.

సాఫ్ట్‌వేర్

ఇక్కడ ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ప్రోగ్రామింగ్ కొత్తయితే 1999 నుంచి ఉన్న నెట్‌లోగో తీసుకోండి. ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది, స్లైడర్ జరిపి మేత ఒత్తిడి మార్చి చూడొచ్చు. జీవశాస్త్రం వాళ్లకు, ఊళ్లో నలుగురికి చూపించడానికి ఇదే మేలు. ఒక్కటి గుర్తుంచుకోండి: అందులో గళ్లన్నిటికీ ఒక పని చెప్తే అవి ఒకదాని తర్వాత ఒకటి మారిపోతాయి, ముందు మారిన గడిని చూసి తర్వాతిది మారుతుంది. మొదటి మోడల్‌కు అన్నీ ఒకేసారి మారాలి. అందుకే ముందు కొత్త స్థితిని పక్కన రాసుకుని, తర్వాత అన్నిటినీ ఒకేసారి మార్చేలా రెండు విడతల్లో రాయండి. పలక అంచులు మామూలుగా చుట్టుకునే ఉంటాయి, సెట్టింగ్స్‌లో విప్పాలి.

వందల సార్లు నడిపి గ్రాఫులు గీయాలంటే పైథాన్. పెద్ద పొరుగు వలయానికి పొరుగు గళ్ల బరువులను ఒకేసారి కూడే సైపైలోని కన్వల్యూషన్ ఫంక్షన్ చాలు, లూపులు రాస్తే రోజంతా పడుతుంది. సొంత కంప్యూటర్ లేకపోతే గూగుల్ కోల్యాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. మ్యాట్‌ల్యాబ్ లైసెన్స్ కాలేజీలో ఉంటే అదీ బాగానే పనిచేస్తుంది, కానీ చదువయ్యాక ఆ కోడ్ నడపడానికి ఇబ్బంది. గోలీ అనే ప్రోగ్రాం కాన్వే లైఫ్ అనే గళ్ల ఆట లాంటి నిశ్చిత నియమాలకు మహా వేగం, పాచికల నియమాలకు మాత్రం అనువు కాదు.

పొలం దగ్గరి లెక్క, సర్కారు తుమ్మ సంగతి

మోడల్‌ను నేలతో పోల్చాలంటే ఉపగ్రహ ఫొటో మీదే ఆధారపడకండి. ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ ఫొటోలో ఒక చుక్క (పిక్సెల్) 10 మీటర్లు. చెలకలో ఒక్కో పొద అందులో కనిపించదు. తాళ్లు కట్టి మీటరుకు మీటరు గళ్లుగా జాగాను విడగొట్టి, ప్రతి గడిలో పొద, బీడు, మొరం ఏదో రాసుకోవడం పాత పద్ధతే కానీ మూడు స్థితుల మోడల్‌కు సరిగ్గా అతుకుతుంది. వానాకాలం మధ్యలో వెళ్తే అంతా పచ్చగా ఉండి ఖాళీకీ చెడిన నేలకూ తేడా తెలియదు, సంక్రాంతి దాటాక వెళ్లండి.

ఏ మొక్కను మందలు తింటాయో, ఏది ముట్టవో కాపరులను అడగండి. తంగేడును పశువులు అంతగా ముట్టవు. సర్కారు తుమ్మ ఆకు తినవు కానీ కాయలు ఇష్టంగా తింటాయి, గింజలు పేడలో బయటపడి ఎక్కడెక్కడో మొలుస్తాయి. అంటే మేత పెరిగితే గడ్డికి చావు పెరుగుతుంది, తుమ్మకు మాత్రం దూరం వెళ్లే విత్తనాల వాటా పెరుగుతుంది. కెఫీ మోడల్‌లో ఈ రెండు అంకెలూ విడివిడిగా ఉంటాయి. మన దగ్గర ఒకే మంద రెండింటినీ కదుపుతుంది. మొక్క అనే ఒకే స్థితి ఇక్కడ చాలదు. గడ్డి, మేతకు పనికొచ్చే పొదలు ఒక స్థితి, తుమ్మ ఇంకో స్థితి అని మొత్తం నాలుగు స్థితులు కావాలి.

అయినా నాలుగు స్థితులతో మొదలుపెట్టకండి. ముందు తుమ్మ లేని బంచరాయిలో కొలిచి, మూడు స్థితుల మోడల్‌ను దానితో పోల్చి, ఆ అంకెలు రాసి పెట్టుకోండి. తర్వాత పక్క ఊళ్లో తుమ్మ నిండిన జాగాకు వెళ్లి నాలుగో స్థితి చేర్చండి. అప్పుడే పచ్చదనంలో కనిపించే తేడా మేత వల్ల ఎంత, తుమ్మ వల్ల ఎంత అనేది విడదీసి చూపగలుగుతారు.